ఆటను వృత్తిగా మలచుకొన్న ఇంజనీరు - గున్‌పెయ్ యొకొయి

మన కిష్టారెడ్డిపేట, పటాన్‌చెరు పరిసరాలలో డిప్లొమా ముగించిన యువకునికి తరచుగా లభించే మొదటి ఉద్యోగం ఏదో ఒక కర్మాగారంలో మెయింటెనెన్సు పని. ఆగిన యంత్రాన్ని నడిపించాలి. నడుస్తున్న యంత్రాన్ని కనిపెట్టి ఉండాలి. అంతకుమించి ఆ పనిలో భవిష్యత్తు లేదని ఇంటివారూ, ఒక్కొక్కప్పుడు అతడూ అనుకొంటారు. చేతిలో పట్టుకొని ఆడే వీడియో ఆటల పరికరాలకు రూపురేఖలు దిద్దిన గున్‌పెయ్ యొకొయి జీవితం సరిగా అటువంటి ఉద్యోగంతోనే ఆరంభమైంది. కంప్యూటరు చదవాలా, చిత్రలేఖనం నేర్వాలా, ఆటలు తయారుచేసే పనిలోకి వెళ్ళాలా అని మథనపడే మన విద్యార్థులు ఈయన చరిత్ర తెలుసుకోదగినది.

యొకొయి 1941 సెప్టెంబరు 10న జపాను దేశంలోని క్యోటో నగరంలో జన్మించారు. అక్కడి దోషిషా విశ్వవిద్యాలయంలో విద్యుత్ ఇంజనీరింగు చదివారు. మార్కులు అంతంతమాత్రం. పెద్ద పెద్ద ఎలక్ట్రానిక్ సంస్థలేవీ ఆయనను తీసుకోలేదు. ఇంటికి దగ్గరని 1965లో నింటెండో అనే సంస్థలో చేరారు. 1889లో స్థాపితమైన ఆ సంస్థ అప్పటికి ప్రధానంగా పేకముక్కల వ్యాపారం చేసేది. హనాఫుడా అనే పూల బొమ్మల ముక్కలు దాని ప్రత్యేకత. (పారశీక దేశం నుండి వచ్చిన గంజీఫా ముక్కలను మన నిర్మల్ చిత్రకారులు చేతితో చిత్రించేవారు. ఆట వస్తువు కూడా కళాఖండమే అన్న సంగతి మనకు కొత్తది కాదు.) ఆ ముక్కలు తయారుచేసే యంత్రాలను చూచుకోవడమే యొకొయి ఉద్యోగం.

పని తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో ఆయన ఒక బొమ్మ చేసికొన్నారు. దుకాణాల ముందుండే మడత కటకటాల తలుపువలె సాగి, దూరాన ఉన్న వస్తువును పట్టుకొనే చేయి అది. 1966లో కర్మాగారం చూడవచ్చిన అధ్యక్షుడు హిరోషి యమవూచి కంటబడింది. యొకొయి మందలింపు తప్పదనుకొన్నారు. యమవూచి దానిని అమ్మకపు వస్తువుగా తయారుచేయుమని ఆదేశించారు. అల్ట్రా హ్యాండ్ పేరుతో అది సుమారు 12 లక్షలు అమ్ముడుపోయింది. డ్యూటీ వేళ బొమ్మలు చేసికొమ్మని నేను సలహా చెప్పడం లేదు. అందరికీ యమవూచి వంటి యజమాని దొరకడు.

అటుపిమ్మట ఆయన ఆటబొమ్మల రూపకల్పనకు మారారు. సూర్యకాంతిని విద్యుత్తుగా మార్చే ఘటాలను కాంతిని గుర్తించే గురిగా వాడి తుపాకీ బొమ్మలు చేశారు. చౌకైన, అందరికీ తెలిసిన సాంకేతిక వస్తువును ఎవరూ ఊహించని పనికి వాడడమే ఆయన జీవితమంతా అనుసరించిన పద్ధతి. బుల్లెట్ రైలులో ఒక ఉద్యోగి విసుగుతో కాలిక్యులేటరు మీటలు నొక్కుతూ కాలక్షేపం చేయడం ఆయన గమనించారు. ఒకనాడు యజమాని కారు డ్రైవరు రాకపోగా యొకొయి కారు నడుపుతూ ఆ ఆలోచన చెప్పారు. కాలిక్యులేటరు కంపెనీల పోటీ వల్ల ద్రవస్ఫటికపు తెరలు అప్పటికే చౌక అయినవి. 1980లో గేమ్ అండ్ వాచ్ అనే జేబు ఆటలు వెలువడి, మొత్తం 4 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

ఇక్కడొక చిక్కు వచ్చింది. నాలుగు దిక్కులకూ కదిలే ఆటకు నిలువు పిడి కావాలి. పిడి ఉంటే పరికరం జేబులో పట్టదు. 1982లో యొకొయి కూడిక గుర్తు ఆకారంలో ఒకే చదునైన మీటను అమర్చారు. చూపు తెరమీదనే ఉంచి బొటనవ్రేలితోనే దిక్కు తెలిసికోవచ్చు. నేటికీ ఆటల పరికరాలపై కనిపించే మీట ఇదే. డిజైన్ అంటే పైపై అలంకారమని భావించేవారు ఈ చిన్న వస్తువును ఒకసారి వ్రేలితో తడిమి చూడాలి.

1981లో సంస్థ మరో ఇబ్బందిలో పడింది. అమెరికాకు పంపిన రేడార్ స్కోప్ ఆట యంత్రాలు సుమారు 2,000 అమ్ముడుపోక మిగిలాయి. వాటికి కొత్త ఆట సమకూర్చే భారం షిగేరు మియమోటో అనే యువకుని మీద పడింది. ఆయన కళాశాలలో నేర్చినది పారిశ్రామిక డిజైను. యొకొయి పర్యవేక్షించారు. ప్రోగ్రాము రాసినది ఇకెగామి త్సూషింకి అనే మరో సంస్థ ఇంజనీర్లు. అలా డాంకీ కాంగ్ పుట్టింది. ఒకరు బొమ్మ, కథ ఊహించారు. ఒకరు యంత్రం హద్దులు చూచుకొన్నారు. మరికొందరు గణితంగా మలిచారు. మూడు విద్యలూ ఒకే మనిషిలో ఉండనక్కరలేదు. అయితే తక్కిన ఇద్దరి భాష అర్థం కాకపోతే మూడవవాడు ఎందుకూ కొరగాడు. మన సమీపంలోని కంది ఐ.ఐ.టి.లో కంప్యూటరు శాస్త్రంతోపాటు డిజైన్ విభాగమూ ఉన్నది. ఒకదానిలో చేరినవారు రెండవదాని గడప తొక్కితే నష్టమేమీ లేదు.

1989 ఏప్రిల్ 21న గేమ్ బాయ్ వెలువడింది. సతోరు ఒకడా మొదలైన ఇంజనీర్లతో కలిసి యొకొయి విభాగం దానిని నిర్మించింది. తెర రంగులు లేనిది. పోటీ సంస్థల పరికరాలు రంగులతో మెరిసిపోయినవి. కాని అవి ఆరు బ్యాటరీలు మింగి నాలుగైదు గంటలకే చల్లబడేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో అంతకు రెండింతలకు పైగా ఆడేది. ధర తక్కువ, క్రిందపడినా త్వరగా పగిలేది కాదు. పిల్లవాని జేబునూ, తండ్రి జేబునూ కూడా దృష్టిలో ఉంచుకొన్న వస్తువు అది. తరువాతి రంగుల రకంతో కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

1995లో వచ్చిన వర్చువల్ బాయ్ మాత్రం ఘోరంగా విఫలమైంది. ఎర్రని గీతల లోకాన్ని అద్దాల పెట్టెలో కళ్ళు పెట్టి చూడాలి, చూచినవారికి తలనొప్పి. 8 లక్షలైనా అమ్ముడుపోలేదు. 1996 ఆగస్టులో, 31 ఏండ్ల సేవ తరువాత, యొకొయి నింటెండో వీడారు. ఆ వైఫల్యమే కారణమని లోకం అనుకొన్నది. స్వతంత్రంగా పనిచేయాలన్న కోరిక ముందునుండీ ఉన్నదని ఆయన చెప్పుకొన్నారు. 55వ యేట కోటో అనే చిన్న సంస్థ స్థాపించి, మళ్ళీ జేబు ఆట మీదనే పని మొదలుపెట్టారు. నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికంటె పెద్ద సాహసం ఇదే.

1997 అక్టోబరు 4న ఇషికావా ప్రాంతపు రహదారిపై ఆయన ప్రయాణిస్తున్న కారు మరొక వాహనాన్ని తాకింది. నష్టం చూడడానికి దిగగా వేరొక కారు ఢీకొని మరణించారు. వయస్సు 56. ఆయన ఆరంభించిన పరికరాన్ని బందాయ్ సంస్థ 1999 మార్చిలో వండర్‌స్వాన్ పేరుతో విడుదల చేసింది. అది ఒకే ఒక్క బ్యాటరీతో నడిచేది. దానితోపాటు వచ్చిన గీతలు కలిపే ఆటకు గున్‌పెయ్ అని ఆయన పేరే పెట్టారు.