తొందరపడని గొంతు: ఘంటసాల

మా ఇంట్లో అమ్మది తెలుగు, అప్పాది తమిళం. ఇద్దరూ ఒప్పుకునే పాత గాయకుడు ఒక్కరే, ఘంటసాల వెంకటేశ్వరరావు గారు. 1953లో దేవదాసు తెలుగులోనూ తమిళంలోనూ వచ్చింది, రెండింటిలోనూ ఆయనే పాడారు. సంగీతం సి.ఆర్. సుబ్బురామన్ గారిది. సినిమా విడుదల కాకముందే ఆయన చనిపోయారు. ఆ పాటల కోసం అమ్మ, అప్పా ఇప్పటికీ పోట్లాడుకుంటారు, మావి గొప్పంటే మావి గొప్పని! వరస మాత్రం ఒకటే.

ఘంటసాల గారు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య గారు తరంగాలు పాడేవారు. ఆయన చిన్నతనంలోనే పోయారు. సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో కుర్రవాడు విజయనగరం చేరాడు. వారాలు చేసుకున్నాడు, మధూకరం ఎత్తాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకీ వెళ్లారు. తర్వాత సముద్రాల రాఘవాచార్య గారి ప్రోత్సాహంతో మన మద్రాసు వచ్చారు. తొలి రోజుల్లో పానగల్ పార్కులో పడుకునేవారని పెద్దలు చెప్తారు. మనం బట్టల షాపింగుకి వెళ్తూ దాటిపోయే టి.నగర్ పార్కే అది.

1945లో స్వర్గసీమలో పాడారు. మనదేశం, పాతాళభైరవి, మాయాబజార్ లాంటి సినిమాలకి సంగీతం చేశారు. ఈ జాబితా చాలామందికి తెలుసు. నాకు ముఖ్యం అనిపించేది ఆయన పాట నడక.

పాత నాటకాల్లో మైకు లేదు. చివరి వరసలో కూర్చున్నవాళ్లకీ వినపడాలి కాబట్టి నటులు పై శ్రుతిలో పాడేవారు. పద్యం చివర రాగం సాగుతూనే ఉండేది, వన్స్‌మోర్లు పడేవి. మాట మాత్రం ఆ రాగం కింద నలిగిపోయేది. మైకు ముందు నిలబడ్డ ఘంటసాల గారికి అరవాల్సిన పని లేదు. ఆయన రాగం తగ్గించి మాటకి చోటిచ్చారు. కరుణశ్రీ గారి పుష్పవిలాపం వినండి. దానికి తాళం లేదు, అర్థమే నడక. పువ్వు బాధపడే చోట ఆగుతారు, నిందించే చోట కదులుతారు. ఒక్క ఒత్తు కూడా జారిపోదు. తెలుగు లిపి సరిగ్గా రాకముందే నాకు ళ-ల, శ-ష తేడాలు చెవికి తెలిశాయంటే ఆ నిదానం వల్లే.

ఇక శివశంకరి. 1961లో వచ్చిన జగదేకవీరుని కథలోది, పెండ్యాల నాగేశ్వరరావు గారి స్వరరచన. తెరమీద పాడేవాడూ వాయించేవాళ్లూ అందరూ ఎన్టీఆరే. రాగం దర్బారీ కానడ. ఇందులో గాంధారం, ధైవతం నిలకడగా ఉండవు, మెల్లగా ఊగుతాయి. ఊగడానికి సమయం కావాలి కదా, అందుకే పాట విలంబంలో మొదలవుతుంది. మంద్రస్థాయిలో గంభీరంగా తిరిగి, స్వరాల దగ్గరికి వచ్చేసరికి వేగం అందుకుంటుంది. మొదట్లో ఆ ఓపిక లేకపోతే చివర ఆ వేగానికి విలువ ఉండదు.

ఇప్పుడు రీల్స్‌లో పాత పాటల్ని స్పీడ్ పెంచి పెడుతున్నారు. రికార్డు వేగం అలాగే పెంచేస్తే శ్రుతి కూడా పైకెక్కుతుంది. బరువైన గొంతు పిల్లగొంతు అవుతుంది, దుఃఖం కాస్తా వేళాకోళం అవుతుంది. కాలం, శ్రుతి, భావం మూడూ ఒకే దారానికి కట్టి ఉన్నాయి, ఒకటి లాగితే మిగతావీ కదులుతాయి. దీన్ని తప్పుపట్టే పెద్దదాన్ని కాను, నేనూ రీల్స్ చూస్తాను. కానీ చెన్నైలో తెలుగు నేర్చుకునే నాలాంటివాళ్లకి ఆ పాటలే పెద్దబాలశిక్ష. వేగం పెంచితే మొదట పోయేది అక్షరమే.

1970లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆరోగ్యం పాడైన చివరి రోజుల్లోనూ భగవద్గీత రికార్డు చేశారు. శ్లోకం తర్వాత తెలుగు తాత్పర్యం, అందులోనూ అదే నిదానం. ఆ రికార్డు బయటికి రాకముందే, 1974 ఫిబ్రవరి 11న, ఇదే ఊళ్లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకి 51 ఏళ్లే. పాటలో ఎక్కడా తొందరపడని మనిషి, వెళ్లడానికి మాత్రం తొందరపడ్డారు.