తాగుడు అనుకున్నారు.. కానీ అసలు జబ్బు వేరే! మతిమరుపు మింగేసిన హాలీవుడ్ అందాల తార కథ

1976 జనవరి.. లండన్‌లోని హీత్రో ఎయిర్‌పోర్ట్. విమానం దిగిన ఓ మహిళను చూసి ఫొటోగ్రాఫర్లు ఎగబడ్డారు. చెదిరిన జుట్టు, బెదురు చూపులు, ఎక్కడున్నానో తెలియని అయోమయం. ఆ ఫొటోలు పేపర్లకెక్కాయి. ఫుల్లుగా తాగేసిందని జనం తేల్చేశారు. ఆమె ఎవరో కాదు.. ఒకప్పుడు హాలీవుడ్‌ను ఏలిన రీటా హేవర్త్. అప్పటికి ఆమె వయసు 57 ఏళ్లే!

ఎవరీ రీటా?

1918 అక్టోబర్ 17న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టింది. అసలు పేరు మార్గరీటా కార్మెన్ కాన్సినో. తండ్రి స్పెయిన్ నుంచి వచ్చిన డ్యాన్సర్. చిన్న వయసులోనే కూతుర్ని తనకు జోడీగా స్టేజీ ఎక్కించాడు. సినిమాల్లోకి వచ్చాక తల్లి ఇంటిపేరుతో రీటా హేవర్త్‌గా మారింది. జుట్టు రంగు కూడా ఎర్రగా మార్చేశారు.

ఆ తర్వాత ఇక వెనుదిరిగి చూడలేదు. డ్యాన్స్ కింగ్ ఫ్రెడ్ అస్టేర్‌తో రెండు సినిమాల్లో సరిసమానంగా స్టెప్పులేసింది. 1946లో వచ్చిన గిల్డాతో క్రేజ్ పీక్స్‌కి వెళ్లింది. రెండో ప్రపంచ యుద్ధం టైంలో అమెరికా సైనికులు ఆమె ఫొటోలు దగ్గర పెట్టుకునేవారు.

పర్సనల్ లైఫ్ మాత్రం అంత సాఫీగా సాగలేదు. ఐదు పెళ్లిళ్లు.. ఐదూ విడాకులే. దర్శకుడు ఆర్సన్ వెల్స్ తర్వాత 1949లో ప్రిన్స్ అలీ ఖాన్‌ను పెళ్లాడింది. పుణెలో గాంధీజీని నిర్బంధించిన ఆగాఖాన్ ప్యాలెస్ తెలుసు కదా? దాన్ని కట్టించిన మూడో ఆగాఖాన్ కొడుకే ఈ అలీ ఖాన్. వీళ్ల కూతురే యాస్మిన్. తల్లి చివరి రోజుల్లో అండగా నిలిచింది ఈమే.

డైలాగులు గుర్తుండట్లేదు!

1971లో అప్లాజ్ అనే బ్రాడ్‌వే నాటకంలో నటించే ఛాన్స్ వచ్చింది. డైలాగులు గుర్తుపెట్టుకోలేక అది చేజారింది. 1972లో వచ్చిన ది రాత్ ఆఫ్ గాడ్ ఆమె చివరి సినిమా. ఆ షూటింగ్‌లో ఒక్కో లైన్ విడివిడిగా అందిస్తే తప్ప చెప్పలేకపోయింది. నటికి జ్ఞాపకశక్తే పెట్టుబడి. అదే జారిపోతుంటే లోపల ఎంత భయపడి ఉంటుందో!

రీటాకు మద్యం అలవాటు ఉన్న మాట నిజమే. దాంతో కోపం, తడబాటు, మతిమరుపు.. అన్నిటినీ ఆ ఖాతాలోనే వేసేశారు. అప్పట్లో అల్జీమర్స్ గురించి జనానికి పెద్దగా తెలియదు. జర్మన్ డాక్టర్ అలోయిస్ అల్జీమర్ 1906లోనే ఈ జబ్బు గురించి వివరించినా, అదేదో ముసలితనంలో మామూలే అన్న భావన ఉండేది.

1980 ప్రాంతంలో కానీ అసలు సంగతి బయటపడలేదు. 1981లో కోర్టు ఆమె బాధ్యతను కూతురు యాస్మిన్‌కు అప్పగించింది. న్యూయార్క్‌లో తన పక్కనే ఉంచుకుని తల్లిని కంటికి రెప్పలా చూసుకుంది యాస్మిన్. 1987 మే 14న, 68 ఏళ్ల వయసులో రీటా కన్నుమూసింది. అప్పటి అమెరికా అధ్యక్షుడు, ఒకప్పటి నటుడు రోనాల్డ్ రీగన్ సంతాపం తెలిపారు. విధి ఎంత విచిత్రమంటే.. 1994లో తనకూ అదే జబ్బు వచ్చిందని ఆయనే ప్రకటించాల్సి వచ్చింది.

మొదట్లో ఎందుకు దొరకదు?

మెదడులో కొత్త జ్ఞాపకాలను దాచే భాగం హిప్పోకాంపస్. అల్జీమర్స్ సాధారణంగా ముందు దెబ్బకొట్టేది దీన్నే. అందుకే 40 ఏళ్ల కిందటి పెళ్లి ముచ్చట్లు పూసగుచ్చినట్టు చెప్పేవాళ్లు, పొద్దున ఏం టిఫిన్ తిన్నారో చెప్పలేరు. పలకరింపు, నవ్వు, మర్యాద అన్నీ మామూలుగానే ఉంటాయి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు తేడా తెలియదు. ఇంట్లోవాళ్లేమో చాదస్తం అని విసుక్కుంటారు.

ఈ మార్పులు గమనించండి

* అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ అడగడం
* డబ్బు లెక్కల్లో, రోజూ చేసే వంటలో తడబడటం
* తెలిసిన దారిలోనే తప్పిపోవడం
* వస్తువులు ఎక్కడో పెట్టి, ఎవరో తీశారని అనుమానించడం
* కలుపుగోలు మనిషి ఒక్కసారిగా ముభావంగా మారడం

ఇవి కనిపించినంత మాత్రాన అల్జీమర్సే అని కంగారు పడొద్దు. థైరాయిడ్ సమస్య, బీ12 లోపం, డిప్రెషన్ వల్ల కూడా మతిమరుపు రావొచ్చు. వీటికి ట్రీట్‌మెంట్ ఉంది. అందుకే లేట్ చేయకుండా న్యూరాలజిస్ట్‌కు చూపించాలి. అల్జీమర్స్ అయితే పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. కానీ ముందే తెలిస్తే కొందరికి మందులతో కొంత ఊరట దొరుకుతుంది. ఆస్తులు, వైద్యం, ఎవరి దగ్గర ఉండాలి లాంటి విషయాలు ఆ మనిషే స్వయంగా చెప్పగలిగే టైం కూడా దక్కుతుంది.

రీటాకు ఆ టైం దక్కలేదు. నింద మాత్రం ఏళ్లపాటు వెంటాడింది. తల్లి పేరుతోనే యాస్మిన్ ఏటా కార్యక్రమాలు పెట్టి, అల్జీమర్స్ పరిశోధన, సేవల కోసం కోట్ల డాలర్లు సేకరించింది. మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిందే మళ్లీ చెబుతుంటే.. విసుక్కునే ముందు ఒక్కసారి ఆలోచించండి.