ముడుచుకున్న వేళ్ళను విప్పిన డుపుయిట్రన్

మన హాస్టల్ సంచికలో ఏటా ఒక మహనీయుని జీవితం వేయడం ఆనవాయితీ. అంబేద్కర్ గురించి, ఫూలే గురించి మా ముందు బ్యాచ్‌ల అన్నయ్యలు చాలా బాగా రాశారు. ఈసారి మేము ఒక శస్త్రవైద్యుణ్ణి ఎంచుకున్నాం. కారణం చేతులు. మన ఇళ్ళలో అమ్మానాన్నలు బతికేది రెక్కల కష్టం మీదే కదా! రెండు వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయి తెరుచుకోకపోతే పార పట్టలేరు, కొడవలి పట్టలేరు. అలా ముడుచుకున్న వేళ్ళను ఎందుకు ముడుచుకున్నాయో తెలుసుకుని విప్పి చూపినవాడు ఫ్రాన్స్ దేశానికి చెందిన గియోమ్ డుపుయిట్రన్.

ఆయన 1777 అక్టోబరు 5న లిమోజ్ పట్టణానికి దగ్గరలోని పియెర్ బుఫియేర్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి న్యాయవాది. కనుక మనలాగా కూలి ఇంటి బిడ్డ అని చెప్పలేము. అయితే ఇంట్లో కలిమి లేదు. పన్నెండేళ్ళ వయసులో ఆ ఊరి మీదుగా వెళుతున్న ఒక సైనికాధికారి ఈ పిల్లవాడి తెలివి చూసి ముచ్చటపడి, పారిస్‌కు తీసుకెళ్ళి తన అన్నదమ్ముడు నడిపే కళాశాలలో చేర్పించాడట. అది 1789, ఫ్రెంచి విప్లవం వచ్చిన సంవత్సరం. వైద్యం చదివే రోజుల్లో ఆయన కటిక దరిద్రం అనుభవించాడు. దీపానికి నూనె కొనలేక, కోతకు వచ్చిన శవాల కొవ్వునే దీపంలో వాడుకున్నాడని ఒక కథ చెబుతారు. నిజమో కాదో గానీ, పరీక్షల ముందు కరెంటు పోయి కొవ్వొత్తులు వెతుక్కున్న మాకు ఆ కథ బాగా గుర్తుండిపోయింది.

పద్దెనిమిదేళ్ళకే శవాలను కోసి విద్యార్థులకు చూపించే ఉద్యోగం పోటీలో గెలుచుకున్నాడు. 1802లో పారిస్‌లో పేదలు చేరే పెద్దాసుపత్రి ఓటెల్ ద్యూలో సర్జన్‌గా ప్రవేశించాడు. 1812లో ప్రొఫెసర్, 1815లో ఆ ఆసుపత్రికి ప్రధాన శస్త్రవైద్యుడు అయ్యాడు. తరువాత రాజు గారు బేరన్ బిరుదు ఇచ్చారు. తెల్లవారకముందే ఆకుపచ్చ కోటు వేసుకుని వార్డులు తిరిగేవాడు. తరువాత పాఠం, ఆపరేషన్లు, ఆ పైన పేదలకు ఉచితంగా సలహా. పాఠం చెప్పడమే గానీ పుస్తకం రాయడానికి పెద్దగా కూర్చోలేదు. శిష్యులు రాసుకున్న నోట్సే తరువాత ఆయన గ్రంథమై అచ్చయింది.

ఇక చేతి సంగతి. కొందరికి నడివయసు దాటాక అరచేతిలో ఒక గడ్డలాంటిది మొదలై, తాడులా సాగి, ఉంగరపు వేలిని, చిటికెన వేలిని లోపలికి లాగేస్తుంది. వేళ్ళను కదిలించే టెండన్లు కుంచించుకుపోవడం వల్లనే ఇలా జరుగుతుందని ఆనాటి వైద్యులు చాలామంది అనుకునేవారు. అలా వేళ్ళు ముడుచుకున్న ఒక ముసలాయన చనిపోయినప్పుడు డుపుయిట్రన్ ఆ చేతిని సంపాదించి కోసి చూశాడు. చర్మం తీసేశాడు, వేళ్ళు తెరుచుకోలేదు. టెండన్లు చూశాడు, బాగానే ఉన్నాయి. చర్మానికీ టెండన్లకూ నడుమ ఉన్న గట్టి పొరను కోశాడు, వేళ్ళు వాటంతట అవే సాగాయి. దొంగ దొరికాడు!

1811లో ఒక ద్రాక్షసారా వ్యాపారి పీపా ఎత్తబోతుంటే ఎడమ అరచేతిలో కలుక్కుమంది. అప్పటి నుంచి మెల్లమెల్లగా రెండు వేళ్ళు ముడుచుకుపోయాయి. ఇరవై ఏళ్ళ తరువాత, 1831 జూన్ 12న, డుపుయిట్రన్ ఆయన అరచేతికి అడ్డంగా గాటు పెట్టి ఆ పొరను తెంచాడు. మత్తుమందులు ఇంకా రాలేదు, ఈథర్ వచ్చింది 1846లో. ఆ మనిషి ఎంత ఓర్చుకున్నాడో ఊహించుకోండి. వేళ్ళు మళ్ళీ ముడుచుకోకుండా చాపి ఉంచే పట్టీ కట్టారు, గాయం మానింది. ఆ డిసెంబరు 5న విద్యార్థుల ముందు ఒక బండివాని చేతికి అదే ఆపరేషన్ చేసి, పాఠం చెప్పాడు. ఆ పాఠంతో జబ్బుకు ఆయన పేరు స్థిరపడింది. అయితే ఇంగ్లండులో హెన్రీ క్లైన్ 1777లోనే ఈ పొరను గుర్తించాడు. ఆయన శిష్యుడు ఆస్ట్లీ కూపర్ 1822లో, చిన్న రంధ్రంలోంచి సన్నని కత్తి పోనిచ్చి తెంచవచ్చని రాశాడు. పేరు మాత్రం వారికి దక్కలేదు. పీపాలు ఎత్తడం, కొరడా పట్టడం వల్లే ఈ జబ్బు వస్తుందని డుపుయిట్రన్ భావించాడు. ఇది ఎక్కువగా వంశపారంపర్యమని, ఉత్తర ఐరోపా జాతుల్లో ఎక్కువని తరువాత తేలింది.

మనిషిగా మాత్రం ఆయన మంచివాడని రాయడానికి మాకు మనసొప్పలేదు. పోటీ వైద్యులను ఎదగనివ్వలేదు, సహాయకులను హీనంగా చూశాడు. సర్జన్లలో మొదటివాడు, మనుషుల్లో చివరివాడు అని తోటి వైద్యులే అన్నారు. ఆకలి తెలిసినవాడు తోటివారి పట్ల మెత్తగా ఉంటాడని మేము అనుకునేవాళ్ళం. ఈ జీవితం చదివాక అలా అనుకోలేకపోతున్నాం. బాల్జాక్ 1836లో ఆయనను దృష్టిలో పెట్టుకుని రాసిన కథలో, పేద విద్యార్థిగా ఉన్న సర్జన్‌ను చదివించేది నీళ్ళు మోసే ఒక కూలివాడు. ఆ కూలివాడే మాకు ఎక్కువ నచ్చాడు.

1833 నవంబరులో పక్షవాతం వచ్చింది. 1835 ఫిబ్రవరి 8న ఛాతీలో చీము చేరి మరణించాడు. తన దేహాన్ని కోసి పరీక్షించమని సాటి వైద్యులకే అప్పగించాడు. వైద్య కళాశాలకు వదిలిన రెండు లక్షల ఫ్రాంకులతో ఒక ప్రొఫెసర్ పదవి, ఆయన పేరుతో ఒక మ్యూజియం ఏర్పడ్డాయి.

1970లలో అదే పారిస్‌లో లారిబ్వాజియేర్ ఆసుపత్రి కీళ్ళ వైద్యులు కత్తి పక్కన పెట్టి, ఇంజెక్షన్ సూది మొనతో ఆ తాడును తెంచడం మొదలుపెట్టారు. ఇప్పుడు కొందరు వైద్యులు అల్ట్రాసౌండ్ పెట్టి, నరం ఎక్కడుందో, రక్తనాళం ఎక్కడుందో తెరమీద చూస్తూ సూది నడుపుతున్నారు. ఆపరేషన్ థియేటర్ అక్కరలేదు, డాక్టరు గదే చాలు. అరచేతి వరకే మత్తు ఇస్తారు. కుట్లు ఉండవు. జబ్బు కొన్నేళ్ళకు తిరిగి రావడం మాత్రం పెద్ద ఆపరేషన్ కంటే దీనిలోనే ఎక్కువ. వచ్చినవారికి మళ్ళీ సూది వేస్తారు. ఆ రోజే చేతికి చిన్న పట్టీ వేయించుకుని, వేళ్ళు ఆడించుకుంటూ ఇంటికి నడిచి వెళ్ళిపోతారు.