విలియం మర్డాక్: బుల్లి ఇంజను చేసిన ఉద్యోగి

మన సభ్యులలో రైల్వే లోకోషెడ్డులో చేసి రిటైరైనవారు ఎందరో ఉన్నారు. ఆవిరి ఇంజన్లు పట్టాల మీది నుంచి తప్పుకున్నా వారి మనసులలోంచి తప్పుకోలేదు. మనుమల కోసం కొయ్యతో, ఇత్తడి రేకుతో బుల్లి ఇంజను చేసి, దానికి పొగగొట్టం, విజిలు, మెట్లు, చేతి కమ్మీలు ఒక్కొక్కటే అమర్చి, చివరకు ముందువైపు చిన్న బల్బు వెలిగించినప్పుడు కలిగే ఆనందం ఇంతా అంతా కాదు. అటువంటి బుల్లి ఇంజనుకూ, ఇంటింటి దీపానికీ కూడా ఆద్యులలో ఒకరైన ఒక ఉద్యోగి జీవితాన్ని ఈ ప్రత్యేక సంచికలో అందిస్తున్నాము.

విలియం మర్డాక్ గారు 1754 ఆగస్టు 21న స్కాట్లాండులోని లుగార్ గ్రామంలో జన్మించారు. తండ్రి మరల పనివాడు. 1777లో, ఇరవై మూడేళ్ల వయసులో, ఉద్యోగం కోసం కాలినడకన బర్మింగ్‌హామ్ చేరి, బోల్టన్, వాట్ గార్ల కంపెనీలో ప్రవేశించారు. మన ఏటికొప్పాక బొమ్మల వలె లేత్ మీద తిప్పి తానే చేసుకున్న కొయ్య టోపీని చూసి బోల్టన్ గారు ఆయనను పనిలోకి తీసుకున్నారని చెబుతారు.

రెండేళ్లకు కంపెనీ ఆయనను కార్న్‌వాల్‌లోని రెడ్‌రూత్ పంపింది. అక్కడి గనులలో నీరు తోడే ఇంజన్లను చూసుకోవడం ఆయన విధి. పగలంతా గనుల వద్ద డ్యూటీ చేసి, తీరిక వేళల్లో ఇంట్లో తన ప్రయోగాలు చేసుకునేవారు. 1784లో తయారైన ఆయన బుల్లి బండికి మూడు చక్రాలు. రాగి బాయిలర్ కింద స్పిరిట్ దీపం. సిలిండరు అడ్డకొలత ముప్పావు అంగుళమే. పట్టాలు లేకుండానే అది తనంతట తాను పరుగెత్తింది. ఒక రాత్రి చీకటి సందులో దానిని వదలగా, నిప్పు కక్కుతూ వస్తున్న దానిని చూసి చర్చి గురువు దయ్యమని హడలిపోయారని కథగా చెప్పుకుంటారు.

1786లో పేటెంటు కోసం ఆయన లండన్ బయలుదేరారు. దారిలో ఎక్సెటర్ దగ్గర బోల్టన్ గారు ఎదురై, నచ్చజెప్పి వెనక్కు పంపారు. ఉద్యోగి బండి ప్రయోగాలలో పడితే గని ఇంజన్ల పని కుంటుపడుతుందని యజమానుల భయం. మర్డాక్ గారు మారు మాట్లాడక డ్యూటీకి వెళ్లారు. పెద్ద బండి నిర్మాణం అక్కడితో ఆగిపోయింది. 1804లో ఆవిరి ఇంజనును పట్టాల మీద నడిపిన కీర్తి అదే కార్న్‌వాల్‌కు చెందిన ట్రెవిథిక్ గారికి దక్కింది. ఆ ఇంజన్ల సంతతే 1889లో నిజాం రైలు మార్గం మీదుగా మన బెజవాడ చేరింది.

చెయ్యి మాత్రం ఊరుకోలేదు. 1790లో భార్య చిన్న వయసులోనే కన్నుమూసింది. ఆ దుఃఖంలోనూ పని మానలేదు. బొగ్గును మూసిన ఇనుప పాత్రలో కాల్చి, వచ్చిన వాయువును గొట్టాల ద్వారా తెచ్చి 1792లో తన ఇంట్లో దీపాలు వెలిగించారు. 1802లో శాంతి ఒప్పందం సందర్భంగా కంపెనీ కర్మాగారం ఆ దీపాలతో మెరిసింది. 1808లో రాయల్ సొసైటీ రంఫర్డ్ పతకమిచ్చి గౌరవించింది. అయితే గ్యాస్ దీపానికి ఆయన పేటెంటు తీసుకోలేదు. లాభం ఇతరులు పొందారు.

1830లో, డెబ్బై ఆరవ ఏట, విశ్రాంతి తీసుకున్నారు. 1839 నవంబరు 15న కాలధర్మం చెందారు. తన యజమానులు నిద్రించే హాండ్స్‌వర్త్ చర్చిలోనే ఆయననూ ఖననం చేశారు. ఆయన బుల్లి బండి నేటికీ బర్మింగ్‌హామ్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

సర్వీసులో ఉండగా డ్యూటీకి తలవంచి, మనసుకు నచ్చిన పనిని పక్కన పెట్టినవారు మనలోనూ లేకపోలేదు. ఇప్పుడు మనను వెనక్కు పిలిచే అధికారి ఎవరూ లేరు. అటక మీద సగంలో ఆగిన ఇంజను ఉంటే దించి దుమ్ము తుడవండి. మనుమడిని పక్కన కూర్చోబెట్టుకుని దీపం అమర్చండి. అది వెలిగిన వేళ మర్డాక్ గారిని ఒక్కసారి తలచుకుంటే చాలు.