డెసిలూ వెనక మనిషి

పాత అమెరికన్ సీరియల్స్ చివర్లో కంపెనీ లోగో రెండు మూడు సెకన్లు వచ్చి పోతుంది. మనం పట్టించుకోం. అలాంటి ఒక లోగో కథే ఇది.

డెసీ ఆర్నాజ్ 1917లో క్యూబాలోని శాంటియాగోలో పుట్టాడు. నాన్న ఆ ఊరి మేయర్. 1933 తిరుగుబాటులో ఉన్నదంతా పోయింది. అమెరికా వచ్చి పక్షుల పంజరాలు కడిగాడు, తర్వాత బ్యాండ్‌లో పాడి పేరు తెచ్చుకున్నాడు. ఆర్కేవో స్టూడియోలో పరిచయమైన నటి లూసిల్ బాల్‌ని 1940లో పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరి పేర్లూ కలిపితే డెసిలూ.

1951లో 'ఐ లవ్ లూసీ' మొదలైంది. అప్పట్లో చాలా షోలు లైవ్. డెసీ మాత్రం ప్రేక్షకుల ముందు మూడు కెమెరాలతో ఫిల్మ్ మీదే తీయాలన్నాడు. ఖర్చెక్కువని సీబీఎస్ అంటే తమ జీతం తగ్గించుకుని, బదులుగా ఫిల్మ్ హక్కులు తీసుకున్నాడు. ఫిల్మ్ ఉంది కాబట్టే షో మళ్లీ మళ్లీ వేయగలిగారు. ఆ రీరన్ల కోసమే, స్పాన్సర్ సిగరెట్లున్న కార్టూన్ టైటిల్ తీసేసి, శాటిన్ గుడ్డ మీద గుండె బొమ్మ పెట్టారు. ఇప్పుడందరికీ గుర్తున్నది అదే.

హక్కులు సీబీఎస్‌కి అమ్మాక, ఆ ఆర్కేవో స్టూడియోనే కొన్నారు. కానీ తాగుడు, గొడవలు పెరిగి 1960లో విడాకులయ్యాయి. 1962లో డెసీ తన వాటా లూసీకి అమ్మేశాడు. 1967లో ఆమె కంపెనీని అమ్మింది. 'స్టార్ ట్రెక్' ఇంకా నడుస్తుండగానే చివర్లో డెసిలూ పోయి పారమౌంట్ వచ్చింది.

డెసీ 1986లో చనిపోయాడు. ప్రేక్షకుల ముందు సిట్‌కామ్ తీసేవాళ్లు ఈరోజుకీ ఎక్కువగా ఆయన పద్ధతిలోనే తీస్తున్నారు.