కెన్ మైల్స్

కెన్ మైల్స్ (నవంబరు 1, 1918 - ఆగష్టు 17, 1966) ప్రముఖ కారు పందెగాడు, ఇంజనీరు. ఇంగ్లండులోని సట్టన్ కోల్డ్‌ఫీల్డులో జన్మించి, అమెరికాలో స్థిరపడ్డాడు. 1966లో లాయిడ్ రూబీతో కలిసి డేటోనా 24 గంటల పందెం, సెబ్రింగ్ 12 గంటల పందెం గెలిచాడు. సెబ్రింగ్‌లో ముందున్న డాన్ గర్నీ, చివరి చుట్టులో ఆగిపోయిన కారును గీత దాకా నెట్టినందుకు అనర్హుడు కాగా ఆ విజయం మైల్స్‌కు దక్కింది.

జూన్‌లో లె మాన్స్ 24 గంటల పందెంలో నియమమే ఆయనకు ఎదురు తిరిగింది. ముందున్న మైల్స్, ఫోర్డు సంస్థ కోరికపై వేగం తగ్గించి, బ్రూస్ మెక్‌లారెన్ కారుతో దాదాపు కలిసి గీత దాటాడు. మెక్‌లారెన్ కారు ఆరంభంలో వెనుక నిలిచింది గనుక ఎక్కువ దూరం నడిచినట్లేనని అధికారులు దానినే విజేతగా ప్రకటించారు. లెక్క సరైనదే కావచ్చు గాని, అభిమానులలో చాలామంది దీనిని అన్యాయంగానే భావించారు. రెండు నెలలకే రివర్‌సైడ్‌లో కొత్త ఫోర్డు కారును పరీక్షిస్తూ ప్రమాదంలో మరణించాడు.