మన పిల్లలు చదివే ప్రతిజ్ఞ రాసిన రాజారత్నం

ఆంగ్ మో కియోలో మేముండే బ్లాక్ పక్కనే ప్రైమరీ స్కూలు ఉంది. పొద్దున్నే జెండా ఎగరగానే పిల్లలంతా కుడి పిడికిలి గుండెకు ఆనించి ప్రతిజ్ఞ చదువుతారు. జాతి, భాష, మతం ఏదైనా అందరం ఒకే ప్రజలమన్నది దాని సారాంశం. దీన్ని ఎవరు రాశారని మా అమ్మాయి ఒకరోజు అడిగితే వెంటనే చెప్పలేకపోయాను. పదేళ్లకు పైగా ఇక్కడ ఉంటున్నందుకు సిగ్గేసింది. ఆ తర్వాత తెలుసుకున్న కథ ఇది.

రాసింది సిన్నతంబి రాజారత్నం, సింగపూర్ తొలి విదేశాంగ మంత్రి. 1915 ఫిబ్రవరి 25న శ్రీలంకలోని జాఫ్నాలో తమిళ కుటుంబంలో పుట్టారు. పెరిగింది మలయాలోని సెరెంబాన్‌లో, తండ్రి పనిచేసిన రబ్బరు తోటల మధ్య. లా చదవడానికి లండన్ కింగ్స్ కాలేజీకి వెళ్తే రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చింది. డిగ్రీ పూర్తికాలేదు కానీ కలం పట్టుబడింది. అక్కడే కథలు రాశారు, పత్రికల్లో పనిచేశారు, హంగరీకి చెందిన పిరోష్కాను పెళ్లాడారు.

యుద్ధం ముగిశాక సింగపూర్ వచ్చి జర్నలిస్టుగా స్థిరపడ్డారు. 1954లో లీ క్వాన్ యూ తదితరులతో కలిసి పీపుల్స్ యాక్షన్ పార్టీని స్థాపించారు. 1959 ఎన్నికల్లో కంపోంగ్ గ్లామ్ నుంచి గెలిచి సాంస్కృతిక మంత్రి అయ్యారు. అరబ్ స్ట్రీట్, సుల్తాన్ మసీదు ఉన్న పేట అది. ఆ నియోజకవర్గానికి 1988 దాకా ఆయనే ప్రతినిధి.

1965 ఆగస్టు 9న సింగపూర్ మలేషియా నుంచి విడిపోయింది. విదేశాంగ శాఖను సున్నా నుంచి మొదలుపెట్టాల్సిన బాధ్యత రాజారత్నం మీద పడింది. ఆరు వారాలు దాటగానే, సెప్టెంబర్ 21న దేశానికి ఐక్యరాజ్యసమితి సభ్యత్వం వచ్చింది. అదే ఏడాది మార్చిలో ఇండోనేషియా సైనికులు ఆర్చర్డ్ రోడ్డులోని మెక్‌డొనాల్డ్ హౌస్‌లో బాంబు పేల్చి ముగ్గురి ప్రాణాలు తీశారు. అలాంటి పొరుగు దేశంతోనే 1967 ఆగస్టు 8న బ్యాంకాక్‌లో ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆసియాన్ స్థాపన పత్రంపై సంతకం చేశారు. వియత్నాం సేనలు కంబోడియాను ఆక్రమించినప్పుడు, పెద్ద దేశం చిన్న దేశాన్ని మింగడాన్ని ఒప్పుకుంటే రేపు మన వంతేనని అంతర్జాతీయ వేదికలపై గట్టిగా వాదించారు. 1980 దాకా ఆ శాఖ ఆయన చేతిలోనే ఉంది.

ప్రతిజ్ఞ 1966 నాటిది. అంతకు రెండేళ్ల ముందే ఇక్కడ జాతి కలహాలు రక్తం చిందించాయి. ఆ గాయం పచ్చిగా ఉండగానే ఆయన రాశారు. లీ క్వాన్ యూ కొన్ని మార్పులు చేశారు. ఆగస్టు నుంచి బడుల్లో చదవడం మొదలైంది.

ఆయన్ని విమర్శించేవారూ ఉన్నారు. ఒకప్పుడు పత్రికా స్వేచ్ఛ కోసం కలం పట్టిన మనిషి, అధికారంలోకి వచ్చాక పత్రికలపై ఆంక్షలనూ విచారణ లేని నిర్బంధాలనూ సమర్థించారు. అయితే ప్రతిజ్ఞ విషయంలో మాత్రం సొంతవాళ్లకూ తలవంచలేదు. జాతులవారీగా సహాయ సంఘాలు పెట్టడం ప్రజల్ని మళ్లీ విడదీస్తుందని పదవి వదిలాక బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు.

పిరోష్కా 1989లో కన్నుమూశారు. వారికి పిల్లలు లేరు. చివరి ఏళ్లలో ఆయన జ్ఞాపకశక్తి పూర్తిగా దెబ్బతింది. 91వ పుట్టినరోజుకు మూడు రోజుల ముందు, 2006 ఫిబ్రవరి 22న మరణించారు. నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీలోని అంతర్జాతీయ అధ్యయన సంస్థకు ఆయన పేరే పెట్టారు.

పుట్టుకతో కాదు, మనసారా ఎంచుకోవడం వల్లే మనిషి ఒక దేశానికి చెందుతాడని రాజారత్నం నమ్మారు. ఇక్కడి బడిలో మాతృభాషగా తెలుగు లేదు కాబట్టి మా అమ్మాయి హిందీ చదువుతోంది. తెలుగు అక్షరాలు ఇంట్లోనే, ఆదివారం పూట దిద్దుతోంది. ఈ దేశాన్ని ఎంచుకున్నంత మాత్రాన మన భాషను వదులుకోవాలా అని అప్పుడప్పుడు నాకు బెంగగా ఉంటుంది. పిడికిలి గుండెకు ఆనించుకుని మా అమ్మాయి చదివే ప్రతిజ్ఞ మాత్రం అలా వదులుకోమని చెప్పడం లేదు.